ఎలుగుబంట్లు నేర్పే ఆటలు

ఎసెన్‌లో రైలు దిగి యూ11 మెట్రో ఎక్కితే ఇక ఎవర్నీ దారి అడగక్కర్లేదు. ఖాళీ సూట్‌కేసులు లాక్కుంటూ పోయేవాళ్ళ వెనకాల నడిస్తే చాలు. వాళ్ళు ఎయిర్‌పోర్టుకి వెళ్ళే జనం కాదు, సాయంత్రానికి ఆ సూట్‌కేసుల నిండా అట్టపెట్టెలు నింపుకుని ఇంటికి పోయే జనం. నాకు ఆ తెలివి లేదు. భుజాన లాప్‌టాప్ బ్యాగుతో వెళ్ళాను. ఆదివారం తిరిగొచ్చేటప్పుడు రెండు పెట్టెలు చంకలో ఇరికించుకుని, మూడోది పెట్టుకునే చోటు లేక రైల్లో పక్కనున్న పెద్దాయన ఒళ్ళో పెట్టాను. ఆయన ఏమీ అనుకోలేదు. పెట్టె వెనక రాసిందంతా చదువుకుంటూ డుస్సెల్‌డోర్ఫ్ దాకా వచ్చాడు.

ఆఫీసు పని మీద ఆర్నెల్లు డుస్సెల్‌డోర్ఫ్‌లో ఉన్నప్పటి మాట ఇది. పక్కనే ఎసెన్‌లో ప్రతి అక్టోబర్‌లో ‘ష్పీల్’ అని బోర్డ్ గేమ్స్ సంత జరుగుతుంది. జర్మన్‌లో ష్పీల్ అంటే ఆట, అంతే. 1983లో ఆ ఊరి వయోజన విద్యాకేంద్రంలో కొంతమంది ఆటలపిచ్చోళ్ళు కలిసి ఆడుకోవడంతో మొదలైంది. నేను వెళ్ళిన 2024లో అక్టోబర్ 3 నుంచి 6 దాకా నాలుగు రోజుల్లో రెండు లక్షలమందికి పైగా వచ్చారు. తొమ్మిది వందల పైచిలుకు స్టాళ్ళు. ఒకప్పుడు బొగ్గుగనులకీ ఉక్కు ఫ్యాక్టరీలకీ పేరున్న ఊళ్ళో ఇప్పుడు ముప్ఫై దాటినవాళ్ళు, అరవై దాటినవాళ్ళు కూడా, కార్పెట్ మీద బాసింపట్టు వేసుకుని చెక్కబొమ్మలు జరుపుకుంటూ కనిపిస్తారు. టేబుల్ దొరకలేదని ఎవరికీ బాధ లేదు. చంటిపిల్లని పొట్టకి కట్టుకుని ఆడుతున్న ఒకాయన, తన వంతు వచ్చినప్పుడల్లా పాచికలు ఆ పిల్ల చేత వేయించాడు. పిల్లే గెలిపించింది.

పుస్తకాల గురించి రాసే నేను ఆటల సంత మీద ఎందుకు పడ్డానంటే, అక్కడ ఉన్న నాలుగు రోజులూ నాకు సాహిత్యమే గుర్తుకొచ్చింది. హైదరాబాద్ బుక్ ఫెయిర్‌లో మనం ఏం చేస్తాం? అట్ట చూస్తాం, వెనక రాసింది చదువుతాం, వాసన చూస్తాం, డిస్కౌంట్ ఎంతని అడుగుతాం. రచయిత స్టాల్లో ఉంటే సంతకం పెట్టించుకుని ఫొటో దిగుతాం. ఆయన ఎదురుగా కూర్చుని మొదటి కథ చదవం. చదివినా, ఏ వాక్యం దగ్గర మన కళ్ళు ఆగాయో, ఎక్కడ రెండు పేజీలు దాటేశామో ఆయన చూడడు. చూస్తే తెలుగులో సగం కథలు ఇంకోలా ఉండేవి. (నా సమీక్షలు కూడా. వాటిని ఎవరూ నా ఎదురుగా చదవకపోవడం నా అదృష్టం.)

ఎసెన్‌లో రచయిత చూస్తాడు. ఓ మూల చిన్న స్టాల్లో, ఇంకా అచ్చు కాని ఆటొకటి మాచేత ఆడించాడు ఒక యాభై ఏళ్ళాయన. చేత్తో కత్తిరించిన కార్డులు, పెన్సిల్‌తో కొట్టేసిన అంకెలు. మేం నలుగురం ముక్కూమొహం తెలియనివాళ్ళం. మూడో రౌండులో ఒక రూల్‌ని తప్పుగా అర్థం చేసుకున్నాం. ఆయన నోరు తెరిచి, మళ్ళీ మూసుకుని, నోట్‌బుక్‌లో ఏదో రాసుకున్నాడు. మేం ఆ తప్పుతోనే ఆట ముగించాం. చివర్లో చెప్పాడు, మీరాడింది నా ఆట కాదు, కానీ నాదానికంటే బాగుంది అని. సాఫ్ట్‌వేర్‌లో ఈ పని మేమూ చేస్తాం. వాడేవాడి వెనక నిలబడి, వాడు ఎక్కడ తడబడుతున్నాడో రాసుకుంటాం. కానీ మాలో ఎవరూ అంత సంతోషంగా ఓడిపోరు.

ఆటల స్టాళ్ళలో రూల్స్ చెప్పేవాళ్ళకి జర్మన్లు పెట్టుకున్న ముద్దుపేరు ‘ఎర్‌క్లేర్‌బేర్’. విడగొట్టి చూస్తే, విడమరిచి చెప్పే ఎలుగుబంటి అని. పొద్దున పదింటి నుంచి సాయంత్రం దాకా అదే ఆట, అవే మాటలు, కొత్త మొహాలు. గొంతు పోయిన ఎలుగుబంట్లని కూడా చూశాను, సైగలతో లాక్కొస్తున్నారు. నాలుగు రోజుల్లో పదిహేడు మంది దగ్గర నేర్చుకుని నేను తేల్చుకున్నదేంటంటే, మంచి ఎలుగుబంటి రూల్‌బుక్ వరసలో చెప్పదు. రూల్‌బుక్ ఎప్పుడూ పెట్టెలో ఏమేం ఉన్నాయో లెక్కతో మొదలవుతుంది: అరవై కార్డులు, నాలుగు రంగుల చెక్కముక్కలు, వగైరా. ఎలుగుబంటి మాత్రం ముందు నీకేం కావాలో చెబుతుంది. ఆ వెంటనే, అది నీకు ఎందుకు అందదో చెబుతుంది. మిగతావన్నీ నీ చెయ్యి ఆగిన చోట చెబుతుంది. పేకాటలాంటి చిన్న ఆటొకటి ఒక కాలేజీ అమ్మాయి నాలుగు నిమిషాల్లో మాచేత మొదలుపెట్టించింది. పక్క స్టాల్లో ఒకాయన నలభై నిమిషాలు చెప్పాడు. ఒక్క ముక్కా వదల్లేదు, ఒక్క ముక్కా మాకు ఎక్కలేదు. మొదటి అధ్యాయంలో వంశవృక్షం మొత్తం అప్పజెప్పే నవలలు మీరూ చదివే ఉంటారు.

ఈ రంగంలో విమర్శకి ఉన్న మర్యాద చూస్తే మాత్రం అసూయ పుడుతుంది. జర్మనీలో ఏడాదికో మేటి ఆటని ఎంచే ‘ష్పీల్ దెస్ యారెస్’ బహుమతిని 1979 నుంచి ఇస్తున్నది విమర్శకుల జ్యూరీ. ఆట తయారుచేసేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ అందులో చోటు లేదు. ఆ బహుమతి ముద్ర పడితే పెట్టెలు లక్షల్లో అమ్ముడవుతాయి. 1995లో అది తెచ్చుకున్న ‘కతాన్’ని చేసిన క్లాస్ టాయ్‌బర్ అప్పటికి పళ్ళు కట్టే టెక్నీషియన్. రచయితల సంగతీ అంతే. 1988లో న్యూరెంబర్గ్ బొమ్మల సంతలో కొంతమంది ఆటల రచయితలు, బీరు గ్లాసు కింద వేసే అట్టముక్క మీద సంతకాలు పెట్టారు: పెట్టె మీద మా పేరు వేయనివాడికి మా ఆట ఇవ్వం అని. ఇవాళ ఎసెన్‌లో ఏ పెట్టె తీసుకున్నా మూత మీద పేరుంటుంది. పాట వినే యాప్‌లో గీతరచయిత పేరు వెతుక్కోవాల్సిన మనకి ఆ అట్టముక్క విలువ వేరే చెప్పాలా?

అట్లాగని అంతా బాగుందని కాదు. కొత్త ఆటలు ఏటా కుప్పలుగా వచ్చిపడుతుంటే, పోయినేడాదివి పాతసామాన్ల ధరకి చేరిపోతాయి. చాలావాటికి మూత మీద బొమ్మ వేరు, లోపల సరుకు ఒకటే: గోధుమలిచ్చి ఇటుకలు తీసుకో, ఇటుకలిచ్చి పాయింట్లు తీసుకో. రంగులేసిన ఎక్సెల్ షీట్లు. వాటిని ఆఫీసులో జీతమిచ్చి మరీ ఆడిస్తారు నాచేత. ప్లాస్టిక్ రాక్షసుల బొమ్మలతో మూడు కిలోల పెట్టెలు చేసేవాళ్ళని చూస్తే, భారీ సెట్టింగులు వేసి కథ మర్చిపోయిన మన సినిమాలు గుర్తొచ్చాయి. తిండి సంగతి అడక్కండి. శాకాహారికి అక్కడ దిక్కు బంగాళాదుంప వేపుళ్ళు, మయొనీస్.

కానీ ఒక రూలు ఒక ఆలోచనని మొయ్యగలదని నమ్మించే ఆటలు కూడా ఉన్నాయి. పాత ఆటలమ్మే చోట ‘టైగ్రిస్ అండ్ యూఫ్రటీస్’ దొరికింది. రైనర్ క్నిజియా 1997లో చేసింది. ఆయన గణితంలో డాక్టరేట్. నాగరికతలు కట్టే ఆట ఇది. నాలుగు రంగుల్లో పాయింట్లు కూడబెట్టుకుంటూ పోతావు. చివర్లో నీకు ఏ రంగు అన్నిటికన్నా తక్కువుందో అదే నీ స్కోరు. ఒక్క వాక్యం రూలు. గుళ్ళు ఎన్ని కట్టినా పొలాలు లేకపోతే నీ రాజ్యం విలువ ఆ లేని పొలాలంత. ఇంత మాట చెప్పడానికి మన చారిత్రక నవలలు ఆరొందల పేజీలు తీసుకుంటాయి, కొన్ని అప్పటికీ చెప్పవు.

శనివారం రాత్రి సంగతి దగ్గరికి వస్తాను. నిజానికి ఈ వ్యాసం రాస్తున్నది దానికోసమే.

హాళ్ళు మూసేశాక జనం ఆటలు ఆపరు. హోటళ్ళ డైనింగ్ హాళ్ళలో మళ్ళీ పెట్టెలు తెరుచుకుంటాయి. నేను దిగిన హోటల్లో నెదర్లాండ్స్ నుంచి వచ్చిన లైబ్రేరియన్ ఒకావిడ ‘జాన్ కంపెనీ’ తెరిచి నాలుగో మనిషి కోసం చూస్తోంది. ఇద్దరు పోలిష్ అన్నదమ్ములు అప్పటికే కూర్చున్నారు. జాన్ కంపెనీ అంటే ఈస్టిండియా కంపెనీకి ఇంగ్లండులో వాడుక పేరు. ఆట రచయిత కోల్ వెర్లీ అమెరికన్, ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నవాడు. నేను పేరు చూసే కూర్చున్నాను. ఆవిడ మ్యాప్ పరిచింది. మద్రాస్, బొంబాయి, బెంగాల్, మైసూర్, హైదరాబాద్. ఆ చివరి పేరు చదివి నా మొహం వంక చూసి, ఫర్వాలేదా అన్నట్టు ఆగింది. పర్లేదు, కానివ్వండి అన్నాను.

ఈ ఆటలో మనమంతా ఇంగ్లీషు కుటుంబాలం. మన కొడుకుల్నీ మేనల్లుళ్ళనీ కంపెనీలో రైటర్లుగా, సైన్యంలో ఆఫీసర్లుగా పెడతాం. రైటర్ అంటే అప్పట్లో కంపెనీ గుమాస్తా. కంపెనీ అందరిదీ, లాభం ఎవరిది వాళ్ళది. కంపెనీ దివాలా తీస్తే అందరి ఆటా ముగుస్తుంది కాబట్టి దాన్ని చావనివ్వకూడదు, అలాగని దానికోసం మన జేబు ఖాళీ చేసుకోకూడదు. వయసు మీరిన మేనల్లుడికి ఇంగ్లండులో ఒక మేడ కొనిపెడితే పాయింట్లు. లంచం, సిఫార్సు, ‘ఈసారి నా వాడికి పదవి ఇయ్యి, వచ్చేసారి నీకు చూసుకుంటా’ అనే ఒప్పందాలు. ఇవన్నీ ఆటలో రూల్సే. ఇక భారతదేశం తరఫున ఆడే మనిషి లేడు. అటువైపు కదలికలన్నీ కార్డులు చూసుకుంటాయి. మ్యాప్ మీద ఒక ఏనుగు బొమ్మ తిరుగుతుంటుంది, తర్వాతి గొడవ ఎక్కడో చెప్పడానికి.

ఆవిడ గొప్ప ఎలుగుబంటి. ఇరవై నిమిషాల్లో మమ్మల్ని దొంగల్ని చేసేసింది. రెండో రౌండుకి నేను మద్రాస్ ప్రెసిడెంట్‌ని. సైన్యం పెద్ద పోలిష్ తమ్ముడు. వాడు మ్యాప్ మీదకి వంగి, హైదరాబాద్ మీదకి పోదామా అన్నాడు.

నేను, “ఎన్ని పాచికలు?” అన్నాను.

అదే నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట. ఈ ఆటలో డబ్బు పెట్టినకొద్దీ ఎక్కువ పాచికలు వెయ్యొచ్చు. వేసినవాటిలో ఒక్కటైనా 1 గానీ 2 గానీ పడితే గెలిచినట్టు. వాడు నాలుగన్నాడు. చాలు అన్నాను. పడలేదు. హైదరాబాద్ బతికిపోయింది, నేను విసుక్కున్నాను. ఆట అయ్యేసరికి రాత్రి పన్నెండున్నర. పెద్ద పోలిష్ అన్న గెలిచాడు, నేను రెండు పాయింట్ల తేడాతో రెండో స్థానం. మద్రాస్ వ్యాపారం పుణ్యాన మా కుటుంబానికి ఇంగ్లండు పల్లెలో మంచి మేడ ఏర్పడింది. ఫొటో తీసి కాలేజీ వాట్సాప్ గ్రూపులో పెట్టాను కూడా.

ఆ గ్రూపులో ఒకడు, “మీ అమ్మమ్మ వాళ్ళ ఊరు కూడా అందులో ఉన్నట్టేగా” అని జవాబిచ్చాడు. తెల్లవారుజాము నాలుగింటికి మేలుకునుండే స్నేహితులు ఇలాంటివే అంటారు. ఉంది. అమ్మమ్మ ఊరు తెనాలి పక్కన. గుంటూరు సర్కారు 1788లో కంపెనీ చేతికొచ్చింది. 1832-33లో అక్కడే డొక్కల కరువు. మా టేబుల్ మీద ఆ రాత్రి మద్రాస్ అంటే వ్యాపారం, మద్రాస్ అంటే పదవి. కరువు రాలేదు.

ఇది ఆట లోపమా, గుణమా అన్నది నేను ఇప్పటికీ అటూ ఇటూ తిప్పి చూస్తున్నాను. మనవాళ్ళకి ఒక కుర్చీ కూడా వెయ్యలేదని కోప్పడొచ్చు. కానీ లండన్‌లో కూర్చున్నవాడికి మనం కనబడిందే అలాగ: వానలా, తుఫానులా, ఒక కార్డులా. కంపెనీ దుర్మార్గం గురించి నేను పాఠాల్లో చదివాను, సినిమాల్లో చూశాను. అన్నిచోట్లా నేను దెబ్బతిన్నవాడి పక్కనే నిలబడ్డాను, అది తేలిక. ‘ఎన్ని పాచికలు’ అని నాచేత అనిపించింది ఈ ఆటొక్కటే. ఒక నవల చదివి పక్కన పెడితే, అందులో దుర్మార్గుడు చేసింది రచయిత ఖాతాలో పడుతుంది. ఇక్కడ రాసుకున్నది నేనే. అందుకని నా ఓటు ఆటకే. ఒక్క ఫిర్యాదు మాత్రం ఉంది. తెనాలివాడైనా వార్సా వాడైనా ఆ కుర్చీలో కూర్చుంటే ఒకటే అయిపోతాడన్నది ఈ ఆట చెప్పే మాట. అయిపోతాడు సరే, లేచాక ఒకటి కాదు. లేచాక ఏమవుతుందన్నది రూల్‌బుక్‌లో లేదు. పెట్టె సర్దేటప్పుడు మాలో ఎవరూ ఎక్కువ మాట్లాడలేదు.

ఆ మౌనం పోగొట్టడానికేమో, ఆవిడే అడిగింది: మీ ఊళ్ళో ఏం ఆడతారు?

హోటల్ కాగితం వెనక ఐదడ్లు ఐదు గళ్ళు గీశాను. నాలుగు పక్కలా నడిమి గడుల్లో, మధ్యలో పండు గడిలో ఇంటూ మార్కులు. అష్టాచెమ్మా. గవ్వలు ఎక్కడ తెస్తాం, నాలుగు యూరో నాణేలు తీశాం. వాటికి అంకె ఉన్న వైపు ఏ దేశానిదైనా ఒకటే, బొమ్మ వైపు మాత్రం దేశానికొకటి. అన్నీ అంకె పడితే చెమ్మా, నాలుగు. అన్నీ బొమ్మ పడితే అష్టా, ఎనిమిది. పచ్చీసుకి చుట్టమని చెప్పేలోపే అన్నదమ్ములు పట్టేశారు, చిన్నప్పుడు ఆడిన ఆటలాగే ఉందే అని. లూడో వైపు నుంచి పచ్చీసు యూరప్ అంతా ఇళ్ళల్లో దూరిపోయింది. జర్మన్లకి దాని పేరు ‘మెన్ష్ ఎర్గెరె దిష్ నిష్ట్’. ‘కోపం తెచ్చుకోకయ్యా’ అని అర్థం. 1914 నుంచి అమ్ముతున్నారు. పెట్టె మీద పేరు లేని మన ఆట, వేరే పేరుతో వేరే పెట్టెలో.

ఎలుగుబంటిని నేనే. నీకేం కావాలి? నీ కాయలన్నీ మధ్యలో పండాలి. ఎందుకు కుదరదు? వెనకాల వచ్చేవాడు నీ కాయని చంపుతాడు. చెమ్మా, అష్టా పడితే ఇంకో ఆట. వరసగా మూడు పడితే మురిగిపోతాయి. బయటి వరస ఒక చుట్టు తిరిగి లోపలి వరసలోకి...

అక్కడ ఆగిపోయాను. ఒక్క కాయనైనా చంపితేనే లోపలికి వెళ్ళాలా, చంపకపోయినా వెళ్ళొచ్చా? ఎండాకాలం సెలవుల్లో వసారాలో సుద్దముక్కతో గీసిన గళ్ళు గుర్తున్నాయి. అరగదీసిన చింతపిక్కలు గుర్తున్నాయి. అమ్మమ్మ గవ్వలు దులిపే చెయ్యి గుర్తుంది, కిందపడకముందే ‘అష్టా’ అని అరిచేది. రూలు గుర్తులేదు. అమ్మమ్మ పోయి నాలుగేళ్ళు. మద్రాస్ ప్రెసిడెంట్ ఎంత జీతం తీసుకోవాలో తడుముకోకుండా చెప్పగలను. ఇది చెప్పలేకపోయాను. చంపకపోయినా వెళ్ళొచ్చని ఏదో ఒకటి చెప్పి ఆడించాను. ఆట చప్పగా సాగింది. అందరూ ఎవరి దారిన వాళ్ళు వెళ్ళి పండించుకున్నారు. బాగుందన్నారు, మర్యాదకి.

పొద్దున్నే అమ్మకి ఫోన్ చేశాను.

“చంపితేనేరా లోపలికి. చంపకుండా ఎట్లా పోతావు? అదేం ఆట?” అంది.

ఇంకేం, అనుకుంటుండగా వీడియో కాల్‌లో వెనకాల నుంచి పిన్ని గొంతు. “అమ్మ ఎప్పుడూ అట్లా ఆడలేదు. అది మీ అత్తారింటి రూలు, అక్కా. పెళ్ళయి వెళ్ళాక నేర్చుకొచ్చావు.”

“నేను ఆ ఇంట్లో ఆట ఆడానా? కూర్చోనిచ్చారా నన్ను?”

“మీ ఆడపడుచులు ఆడేవాళ్ళుగా, చూసుంటావు.”

ఇలా పావుగంట. అసలు అమ్మమ్మకి నేర్పింది వాళ్ళ మేనత్త అనీ, ఆవిడది బాపట్ల వైపనీ, అక్కడ రెండు కాయలు చంపాలనీ మధ్యలో ఇంకో కొత్త సంగతి బయటపడింది. ఎవరి రూలు ఎవరి పుట్టింటి నుంచి వచ్చిందో తేలాలంటే మూడు తరాల పెళ్ళిళ్ళు తవ్వాలి. అచ్చయిన రూల్‌బుక్ ఉంటే ఈ గొడవ ఉండేది కాదు. ఆడపడుచులు ఆడుతుంటే మా అమ్మ నిలబడి చూసిందన్న సంగతి కూడా నాకు తెలిసేది కాదు.

ఆదివారం హాల్లో ఆ లైబ్రేరియన్ మళ్ళీ కనిపించింది. రూల్స్ రాసి పంపమని ఈమెయిల్ ఇచ్చింది, వాళ్ళ లైబ్రరీలో పిల్లలచేత ఆడిస్తుందట. రాశాను. ఐదో రూలు దగ్గర మూడు వాక్యాలున్నాయి: తెనాలిలో ఇలా, అత్తారింట్లో ఇలా, బాపట్లలో ఇలా. ఆవిడకి పంపేముందు పిన్నికి చూపించాను. చదివి, “అన్నీ సరే గానీ, ఆ డబ్బు బిళ్ళలతో ఆడించకు. గవ్వలు పంపిస్తాను, అడ్రసు పెట్టు” అని జవాబిచ్చింది.